ఆకూవక్కా లేని గంప

మా ఆయన పోయిన రోజు నేను చిత్తూరులో పదో తరగతి సాంఘిక శాస్త్రం పేపర్లు దిద్దుతున్నాను. ఏప్రిల్ చివరి వారం. స్పాట్ వాల్యుయేషన్ హాల్లో ఫ్యాన్ల గాలికి పేపర్లు ఎగిరిపోకుండా అందరం వాటి మీద గులకరాళ్లు పెట్టుకున్నాం. క్యాంపు ఆఫీసరు స్వయంగా మా బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, మీ మరిది వచ్చినాడు. బయట ఉండాడు" అన్నాడు. ఆఫీసరు ముఖం చూశాక కూడా నేను చేతిలో ఉన్న పేపరు మార్కులు కూడి, మొత్తం వేసి, సంతకం పెట్టి లేచాను. ఆ పిల్లవాడెవరో నాకు తెలియదు. వాడి పేపరు సగంలో ఆగిపోకూడదనిపించింది.

సునీల్ గేటు పక్కన ఎండలో నిలబడి ఉన్నాడు. నీడ రెండడుగుల దూరంలో ఉన్నా అందులోకి జరగలేదు. బూట్లు విప్పలేదు. మోకాళ్ల దాకా గ్రౌండు మట్టి.

"వదినా, అన్న నీళ్లడిగినాడు" అన్నాడు. "బోరు కాడికి పొయ్యి తెచ్చేలోపల..."

నేను రోడ్డు మీదికి వెళ్లి ఆటో ఆపాను. ఆటోలో కూర్చున్నాక, చేతికంటిన ఎర్ర సిరా చీర కొంగుకు తుడుచుకున్నానని ఇంటికి వచ్చాక ఎవరో చెబితే చూశాను.

ఆయన పేరు రఘునాథ్. చిత్తూరు నుంచి తిరుపతి పోయే రోడ్డు మీద ఏకాంబరం గారి మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ టీము ఉండేది. నెల జీతాలిచ్చి ఆడించే టీము. ఏటా మద్రాసు లీగులో ఆడేది. ఊళ్లో దాన్ని పల్ప్ టీము అనేవాళ్లు. టీము పుట్టినప్పటి నుంచీ కోచ్ ఆయనే. తమ్ముడు సునీల్‌కుమార్ అందులోనే ఆడి, మోకాలు దెబ్బతిన్నాక అన్న పక్కనే అసిస్టెంటుగా నిలబడిపోయాడు. ముప్పై దాటినా పెళ్లి మాటెత్తితే "ఈ లీగు అయిపోనీ" అనేవాడు. మా ఇంట్లోనే ఉండేవాడు. మా అత్త దేవకమ్మ, నేను, తొమ్మిదో తరగతికి వచ్చిన మా మహిత, సునీల్ - ఆయన పోయాక ఇంట్లో మిగిలింది మేము నలుగురం.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. ఆ ఏడు ప్రపంచ కప్పు కూడా ఉండడంతో, ఊళ్లో ఎన్నడూ బంతి తన్నని వాళ్లకు కూడా ఫుట్‌బాల్ మీద ఒక అభిప్రాయం ఉండేది. ఆయన పోయిన మర్నాటి నుంచే అందరి నోటా ఒకటే ప్రశ్న. పల్ప్ టీముకు ఇక కోచ్ ఎవరు?

ఆ ప్రశ్న నా చెవిన పడింది పెద్దకర్మ నాడు. వాకిట్లో షామియానా వేసి బంతి భోజనాలు పెడుతున్నారు. నేను వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాను. అటు తెలిసినవాళ్లు, ఇటు ఫ్యాక్టరీ మేస్త్రీలు, మధ్యలో ఊరంతా పెద్దాయన అని పిలిచే ఏకాంబరం గారి జీపు డ్రైవరు గురప్ప.

"ఏం గురప్పా, పెద్దాయన ఎవురికి ఫోను చేస్తా ఉండాడు? నీకు తెలీకుండా ఉంటాదా?"

"నేను బండి తోలేవాణ్ణి సామీ. ఫోను నా సెవికాడ పెట్టి మాట్లాడతాడా ఆయన?"

"కలకత్తా నుంచి ఒకాయన వస్తాడంట. పెద్ద క్లబ్బుల్లో ఆడినాడంట."

"కలకత్తా ఆయన ఈడికొచ్చి సేపల్లేకుండా ఏం తింటాడప్పా? దసరాకు ముందే రైలెక్కేస్తాడు."

"అట్లయితే కేరళాయన."

"కేరళాయనొస్తే టీము మొత్తం కేరళోళ్లే అయితారు సూడు. మన పిల్లోళ్లు బయట కూసోని సంచులకు కాపలా కాయాల్సిందే."

"ఎందుకబ్బా అంత దూరాలు పోతారు? ఇంట్లోనే ఉండాడు గదా మనిషి. అన్న కాడ నేర్చినోడు. ఆటగాళ్లు ఆయన మాటంటే పడి చస్తారు."

"అది నువ్వనాల, నేననాల. అనాల్సినాయన అనాల గదా?"

"రొంత మెల్లగా మాట్లాడండప్పా, ఆయమ్మ ఆడనే ఉండాది. ఏయ్, ఈడికి రసం తేండి."

నాకు కోపం రాలేదు. ఆయన ఉండి ఉంటే ఆ బంతిలో కూర్చుని తనూ ఒక పేరు చెప్పేవాడు. వడ్డిస్తున్న సునీల్ ఆ మాటలన్నీ విన్నాడు. రసం బకెట్టు తీసుకుని ఆ వరుసలోకే వెళ్లి, తన పేరు చెప్పినాయన ఆకులో కూడా మిగతావాళ్లకు పోసినంతే పోశాడు.

వారం తరువాత ఒక పొద్దున వంటింటి గడప మీద కూర్చుని అతను నాకు విషయం చెప్పాడు. హోసూరులో ఒక రెసిడెన్షియల్ స్కూలు ఉంది. దాని కరస్పాండెంటు ఆయనకు పాత స్నేహితుడు. మమ్మల్ని పరామర్శించడానికి వచ్చినప్పుడు సునీల్‌ను పక్కకు పిలిచి, మా స్కూలుకు ఆటల మాస్టరు కావాలి, ఇల్లిస్తాం, నీకు మనసుంటే మే నెలాఖరులోగా మాట చెప్పమన్నాడట.

"మంచిదే కదా సునీల్" అన్నాను.

"మంచిదే వదినా. గవర్మెంటు స్కేలే ఇస్తారంట." కాసేపు గడప మీద పెచ్చు లేచిన చోట గోటితో గీరుతూ కూర్చున్నాడు. "కానీ ఇది అన్న టీము. ఆ పిల్లోళ్లను పల్లెపల్లె తిరిగి నేనూ అన్నా ఏరి తెచ్చినాము. రేపు ఎవురో వచ్చి నువ్వెవురు అని వాళ్లను అడిగితే, వాళ్లేం జెప్తారు? నాకు ఆ పని కావాల వదినా. ఎవురితోనూ అన్లేదు. నీతో అంటాండా."

అతను నోరు తెరిచి తనకు ఫలానాది కావాలని అడగడం నేను అప్పటిదాకా వినలేదు.

"పెద్దాయనతో చెప్పు మరి."

"అదెట్ల చెప్తారు వదినా? గంప రాకముందే పొయ్యి అడిగేదా?"

గంప సంగతి చెప్పాలి. మా వైపు గుజ్జు ఫ్యాక్టరీలు ఏడాది పొడుగునా నడవవు. కాయ దిగే నెలల్లోనే నడుస్తాయి. అందుకని మేస్త్రీలను, బాయిలర్ మనిషిని, వంటమనిషిని ఏటా కొత్తగా పెట్టుకున్నట్టే లెక్క. ఏకాంబరం గారి నాయన కాలం నుంచి వాళ్ల ఫ్యాక్టరీలో ఒక పద్ధతి ఉంది. బాయిలర్ వెలిగించే ముందు, ఆ ఏడు ఎవరిని పనిలో పెట్టుకోదలచుకున్నారో వాళ్ల ఇంటికి సొంత తోటలో పండిన ఖాదర్ మామిడిపండ్లు ఒక గంపలో వెళతాయి. పండ్ల మీద తెల్లగుడ్డ, గుడ్డ మీద తమలపాకులు, వక్కలు, ఒక పసుపుకొమ్ము. ఆ ఆకూవక్కా అందుకుంటే మాట అయిపోయినట్టు. కాగితం తరువాత ఎప్పుడో వస్తుంది. గంప వచ్చేలోగా వెళ్లి అడిగినవాణ్ణి మర్యాద తెలియనివాడిగా చూస్తారు. గంప అందుకున్నాక ఇంకొకరి పనికి ఒప్పుకున్నవాణ్ణి అంతకన్నా తక్కువగా చూస్తారు. టీము పెట్టిన నాటి నుంచి కోచ్‌కు కూడా అదే పద్ధతి. మా ఇంటికి ఏటా ఒక గంప వచ్చేది.

ఆ మే నెలలో ఊరంతా ఆ గంప కోసం చూసింది. ఫ్యాక్టరీ గేటు ఎదుట బాలాజీ టీ అంగట్లో పందాలు నడిచాయి. ఓడినవాడు ఆ పూటకు అందరికీ టీ ఇప్పించాలి. మహిత పాలప్యాకెట్టుకు వెళ్లి వచ్చి చెప్పేది.

"అమ్మా, ఈ రోజు గోవా ఆయనంట. బాలాజీ చెప్పినాడు."

"బాలాజీకి ఎవరు చెప్పినారే?"

"ఎవురో గోవా బండి ఫ్యాక్టరీ లోపలికి పోయిందంట. తీరా చూస్తే అది డబ్బాల లారీ అంట." ఆ పిల్ల ఆయన పోయాక నవ్వడం నేను చూసింది అదే మొదటిసారి. వెంటనే వాళ్ల అవ్వ ఉందేమోనని వెనక్కి చూసి నవ్వు ఆపుకుంది.

"చిన్నాయన మీద ఎవరూ కాయలేదా?"

"చిన్నాయన మీదనే ఎక్కువ మంది కాసినారు. అందుకే మిగతావాళ్లకు రుచి లేదంట. ఏదో ఒక పేరు కావాల గదా అని గోవా ఆయన్ను పెట్టుకున్నారు."

మా అత్త ఈ మాటలేవీ పట్టించుకునేది కాదు. పెద్దకొడుకు పోయినప్పటి నుంచి ఆమె రాగిగంజి తప్ప ఏదీ ముట్టలేదు. వసారాలో గోడకు ఆనుకుని రోడ్డు వైపు చూస్తూ కూర్చునేది. ఏమైనా తినమంటే "పెట్టినావు గదమ్మా, తింటాలే" అనేది. గిన్నె అలాగే ఉండేది.

గంప మే మూడో వారంలో వచ్చింది.

జీపు ఇంటి ముందు ఆగింది. గురప్ప గంపను రెండు చేతులా ఎత్తుకుని వచ్చి గడప ఇవతల దించాడు. "పెద్దింటి నుంచి" అన్నాడు. కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్లిస్తే తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లిపోయాడు.

"అవ్వా, గంప!" అని మహిత అరిచింది.

మా అత్త లేచి నిలబడింది. పక్కింటి పంకజాక్షి, మా స్కూల్లోనే హిందీ టీచరు, గోడ మీదుగా చూసి మా వసారాలోకి వచ్చేసింది. నేను గుడ్డ తీశాను. పచ్చగడ్డి పరుపు మీద ఖాదర్ పండ్లు. తొడిమల దగ్గర ఇంకా జీడి ఆరలేదు. గుడ్డ మీద చూశాను. గడ్డిలో చెయ్యి పెట్టి చూశాను.

"ఆకూవక్కా లేవు" అన్నాను.

పంకజాక్షి నా భుజం మీద చెయ్యి వేసింది. "ఎట్ల పెడతారు మేడమ్? దినం అయ్యి నెల కూడా కాలేదు. మీ ఇంటికి పసుపుకొమ్ము పంపిస్తారా? మీరు బాధపడరా? పెద్దింటోళ్లకు ఆ మాత్రం తెలీదా?"

అదీ నిజమే. ఏడాది తిరిగేదాకా శుభానికి పెట్టే తాంబూలం మా గడప తొక్కకూడదు. పని ఇవ్వదలచుకున్నా ఆకూవక్కా లేకుండానే గంప రావాలి. పని ఇవ్వదలచుకోకుండా ఊరికే పండ్లు పంపినా ఆకూవక్కా లేకుండానే రావాలి. నేను ఆ గంప పక్కన నిలబడి ఈ రెండూ ఆలోచించాను. రెంటికీ మధ్య తేడా చెప్పగలిగిందేదీ ఆ గంపలో లేదు.

సాయంత్రానికి వీధిలో అందరూ ఒకే మాట మీదికి వచ్చారు. తాంబూలం పెట్టకపోవడమే పెద్దాయన మర్యాదకు గుర్తు అన్నారు. బాలాజీ అంగట్లో గోవా ఆయన మీద కాసినవాళ్లు టీలు ఇప్పించారట. గురప్పను నిలబెట్టి అడిగితే, "ఆకూవక్కా వద్దన్నారు, పెట్టలేదు. నన్నేం అడిగేది" అని జీపు తోలుకుని పోయాడట. అది విన్నాక మిగిలిన ఒకరిద్దరి అనుమానం కూడా తీరిపోయింది.

మా అత్త గంప దగ్గర కూర్చుని ఒక పండు చేతిలోకి తీసుకుంది. తొక్క తీయకుండా రెండు చేతులతో మెత్తగా పిసికి, తొడిమ కొరికి, చిన్నపిల్లలా చప్పరించింది. రసం మోచేతి దాకా కారింది.

"తీపిగా ఉండాది" అంది. "పెద్దోడికి ఖాదరంటే పానం. ఇంగ సిన్నోడు సూసుకుంటాడు లేమ్మా. పెద్దాయన ఇల్లు మర్సిపోలే."

ఆ పూట ఆమె అన్నం కూడా పెట్టమని అడిగింది.

సునీల్ గ్రౌండు నుంచి వచ్చేసరికి దారిలోనే పదిమంది చెప్పారు. కాళ్లు కడుక్కుని వచ్చి గంప ముందు నిలబడ్డాడు. పండు ముట్టుకోలేదు.

"నువ్వేమంటావు వదినా?"

"నాకేం తెలుసు సునీల్. ఒకసారి పెద్దాయన దగ్గరికి పోయి కూర్చొని రా. అడగొద్దు. ఊరికే కూర్చొని రా."

"పోతే అడిగినట్టే గదా. ఇంటికి గంప పంపించినా నమ్మకం లేక వచ్చినాడు అనుకోడా?"

"అయితే హోసూరు వాళ్లను ఇంకొన్నాళ్లు ఆగమను."

అతను తల అడ్డంగా ఊపాడు. "అట్ల చెయ్యకూడదు వదినా. గంప లోపల పెట్టుకోని, ఇంకోళ్లను చేతిలో పెట్టుకోని ఉండేది మనిషి చేసే పనేనా? అన్నయితే చేసుంటాడా?"

ఆయనైతే చేసి ఉండడు. లోపల మా అత్త అన్నం తింటున్న చప్పుడు వినబడుతోంది. సునీల్ కూడా అది విన్నాడు. మర్నాడు మార్కెట్టు దగ్గర ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లి హోసూరుకు ఫోన్ చేసి, తనకు వీలుకాదని, మంచి మనిషిని చూసుకోమని చెప్పి వచ్చాడు. "ఆయన శానా బాగా మాట్లాడినాడు వదినా, శుభాకాంక్షలు చెప్పినాడు" అన్నాడు.

జూన్ మొదట్లో బాయిలర్ వెలిగింది. మామిడి లారీలు రోడ్డు పొడుగునా వరస కట్టాయి. ఉడికే గుజ్జు వాసన, గ్రౌండు వెనక గుట్టగా పోసిన టెంకల వాసన గాలి వాటాన్ని బట్టి మా ఇంటి దాకా వచ్చేవి. సునీల్ తెల్లారకముందే సైకిలెక్కి వెళ్లేవాడు. స్కూలు తెరిచాక నేను ఒక పొద్దున బస్సులోంచి చూశాను. పిల్లలు టెంకల గుట్ట పక్కన పరుగులు పెడుతున్నారు. గ్రౌండు అంచున ఆయన కూర్చునే ఇనుప కుర్చీ ఉంది. సునీల్ దాని పక్కన నిలబడి ఉన్నాడు. అందులో కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

దారిలో కనబడ్డవాళ్లు అతణ్ణి కోచ్ సార్ అనేవాళ్లు. మొదట వద్దనేవాడు. తరువాత తల వంచుకుని ఊరుకునేవాడు. స్టాఫ్ రూములో మా డ్రిల్లు మాస్టారు నన్ను అడిగాడు, ఈసారి మద్రాసులో మొదటి ఆట ఎవరితోనని. ఇంటికి వచ్చి సునీల్‌ను అడిగితే, ఇద్దరు ముగ్గురు ఆటగాళ్ల పేర్లు చెప్పి, ఎవరిని ఎక్కడ నిలబెడతాడో ఉప్పుడబ్బా, కారండబ్బా, చెంచాలు పెట్టి చూపించాడు. మా అత్త ఆ డబ్బాలు తరువాత చాలాసేపు తీయనివ్వలేదు.

కాగితం రాలేదు. ఏటా ఆలస్యంగానే వచ్చేది కాబట్టి ఎవరం దాని గురించి అనుకోలేదు.

జూన్ నెలాఖరులో ఒకరోజు ఫ్యాక్టరీ మేనేజరు కబురు పంపాడు. కాట్పాడి స్టేషనుకు వ్యాను పోతోంది, పొద్దున రైలుకు ఒకాయన దిగుతాడు, ఫుట్‌బాల్ మనిషి, నువ్వయితే మాట్లాడడానికి బాగుంటుంది, పోయి తోడుకుని రా అని. కొత్త ఆటగాడు అయ్యుంటాడని సునీల్ అన్నాడు. ముందరి వరసలో ఒక మనిషి తక్కువగా ఉన్నాడని, పెద్దాయనకు చెప్పకుండానే తెలిసిందని సంతోషపడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లాడు.

నేను స్కూలు నుంచి వచ్చేసరికి పెరట్లో రాయి మీద కూర్చుని బూట్లు కడుగుతున్నాడు. అవి అప్పటికే శుభ్రంగా ఉన్నాయి.

"దించి వచ్చినావా? ఎట్లా ఉండాడు కొత్త ఆటగాడు?"

"ఆటగాడు కాదు వదినా" అన్నాడు. "కోచ్."

నేను సంచీ కింద పెట్టాను.

"కేరళాయన. మంచోడే. సామాను రవంతే తెచ్చుకున్నాడు. ఈడ పెరుగు బాగుంటాదా అని అడిగినాడు. కడుపులో పుండంట, పెరుగన్నమే తింటాడంట. గెస్ట్ హౌసులో దించి, వంటమనిషికి చెప్పొచ్చినా." రెండో బూటు తీసుకున్నాడు. "దారిలో టీము గురించి అంతా అడిగినాడు. చెప్పినా. ఎవురెవురు ఏ కాలితో బాగా తంతారు, ఎవురికి ఏం జెప్పాల, ఎవురికి చెప్పకూడదు, అంతా చెప్పినా."

"నువ్వెవరో తెలుసా ఆయనకు?"

"తెలుసంట. నా కుడిపక్కన నువ్వే ఉండాల అన్నాడు."

వెనక గుమ్మంలో మా అత్త నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. "గంప ఇచ్చి మాట తప్పినాడు" అంది. గొంతు పెంచలేదు. లోపలికి వెళ్లి పడుకుంది. మరుసటి రోజు నుంచి మళ్లీ రాగిగంజే.

హోసూరులో అప్పటికే వేరే మనిషి చేరిపోయాడు. సునీల్ ఆ కేరళాయన పక్కనే నిలబడి ఆ లీగంతా పని చేశాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది పిల్లలకు తెలుగులో చెప్పాడు. ఒక్కరోజు కూడా మానలేదు. మనిషిలో వచ్చిన మార్పు ఒక్కటే. ఊళ్లో ఎవరైనా ఓదార్పుగా ఏదైనా అంటే, అంతకుముందులా తల వంచుకోకుండా, తల ఎత్తి ఒకే మాట చెప్పేవాడు.

"పెద్దాయన నన్నే అనుకున్నాడు. గంప కూడా పంపినాడు. మద్రాసోళ్లు ఎవురో ఆయన మనసు తిప్పేసినారు."

ఆ మాట చెప్పినప్పుడు అతని వెన్ను నిటారుగా ఉండేది. కోపం ఉండేది. ఆ కోపంలోనే తనను ఎన్నుకున్నారనే నమ్మకమూ ఉండేది. ఏకాంబరం గారు గ్రౌండుకు వస్తే ఇతను అవతలి చివరకు వెళ్లిపోయేవాడట. పెద్దాయన ఒకసారి పిలిచి, "ఏం సునీలూ, మనిషివే కనపడవు" అన్నాడట. ఇతను నమస్కారం పెట్టి, "పని ఉండాది సార్" అని వచ్చేశాడట.

ఆగస్టులో మా అత్త చంద్రగిరిలో చెల్లెలు తిరుమలమ్మ ఇంటికి వెళ్లింది. ఆమె లేని ఒక సాయంత్రం ఏకాంబరం గారి భార్య ఆదిలక్ష్మమ్మ మా ఇంటికి వచ్చారు. పెద్దకర్మ తరువాత ఆమె రావడం అదే. వసారాలో చాప వేస్తే, కుర్చీ వద్దని చాప మీదే కూర్చున్నారు. మహిత చదువు అడిగారు. మా అత్త ఆరోగ్యం అడిగారు.

"గంజి తప్ప తినడం లేదండి" అన్నాను.

"అయ్యో. ఖాదర్ పండ్లన్నా తినిందా తల్లీ? తీపిగా ఉన్న్యాయా? ఈ తూరి వాన్లు లేక కాయ రవంత సన్నమైపోయింది."

"బాగున్నాయండి. ఆమె తిన్నారు."

"తినింటే సాలు." ఆమె కొంగుతో మెడ తుడుచుకున్నారు. "నేనే పంపించినా. మా ఆయనకు తెల్దు గూడా. ఆయనకు పండ్ల సంగతి యాడ పడతాది, ఎప్పుడూ ఆ ఫోనే. నేనేమనుకున్న్యానంటే, ఏటా మీ ఇంటికి పొయ్యే గంప. మనిషి పోతానే నిలిపేసినారు, ఇంగ మనతో పని తీరిపోయింది అనుకున్న్యారు అని పెద్దామె మనసు కష్టపెట్టుకుంటాది గదా. అందుకని పంపించినా. గురప్పకు మరీమరీ సెప్పినా, ఆకూవక్కా పెట్టద్దురా అని. అది పెడితే పని గంప అనుకుంటారు. లేకుంటే ఊరికే ప్రేమతో పంపిందని ఎవురికైనా తెలుస్తాది గదమ్మా?"

"తెలుస్తుందండి" అన్నాను.

"అదే నేనూ అనుకున్న్యా."

ఆమె ముఖంలో ఏ దాపరికమూ లేదు. ఊళ్లో మేము ఆ గంపను ఏమని అర్థం చేసుకున్నామో ఆమె దాకా పోలేదు. ఆమెతో ఆ మాట అనడానికి ఎవరికి నోరు వస్తుంది? నేను లోపలికి వెళ్లి కాఫీ కలిపాను. పాలు కాస్త విరిగినట్టనిపిస్తే పారబోసి మళ్లీ కాచాను. ఆమె తాగి, గ్లాసు పక్కన పెట్టి, నా చెయ్యి పట్టుకున్నారు. "మీ ఆయన మంచి మనిషమ్మా. మా పిల్లోళ్లకు ఈత నేర్పించినాడు" అన్నారు. ఆయన ఈత నేర్పించినట్టు నాకు అప్పటిదాకా తెలియదు. ఎక్కడ, ఏ బావిలో అని అడిగాను. ఆమె చెప్పారు. ఆ సాయంత్రం ఆయన గురించి నేను తెలుసుకున్న కొత్త విషయం అది ఒక్కటి. ఆమె వెళ్లాక చాలాసేపు దాని గురించే ఆలోచించాను, ఇంకో విషయం గురించి ఆలోచించకుండా ఉండడానికి.

సునీల్ వచ్చి, "ఎవురొచ్చింది వదినా?" అన్నాడు, గ్లాసు చూసి.

"ఆదిలక్ష్మమ్మ గారు."

"ఏమంటాది?"

"అత్తయ్య ఎట్లా ఉందని అడిగి పోయినారు."

"ఆమె మంచిదే" అన్నాడు. "ఆయనే మాట మీద నిలబళ్లేదు."

లీగు అయిపోయాక అతను మదనపల్లెలో ఒక స్కూలులో చేరి అక్కడే గది తీసుకున్నాడు. తరువాత పెళ్లి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. ఏటా అన్న తద్దినానికి వస్తాడు. నేరుగా వచ్చే బస్సు ఫ్యాక్టరీ ముందు నుంచి పోతుందని, ఒక ఊరు చుట్టు తిరిగి వచ్చే బస్సెక్కుతాడు. పాత ఆటగాళ్లు ఎవరైనా కనబడితే తల ఎత్తి ఆ మాటే చెబుతాడు, మొదట గంప వచ్చింది నాకే అని. వాళ్లు కూడా అవునన్నా అంటారు. మా అత్త పోయేటప్పుడు ఏకాంబరం గారు చూడడానికి వస్తే గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన మంచం పక్కన కాసేపు నిలబడి, ఏమీ అర్థం కాక వెళ్లిపోయాడు.

కిందటి తద్దినం నాడు భోజనాలయ్యాక సునీల్ నా పక్కన కూర్చున్నాడు. జుట్టు నెరిసింది. "ఆ ఏడు పెద్దాయన మాట నిలబెట్టుకోనుంటే, మనమంతా ఒగే ఇంట్లో ఉండేవాళ్లం గదా వదినా" అన్నాడు. నేను అవునన్నాను.

ఆ గంప ఎవరు పంపారో అతనికి నేను ఇంకా చెప్పలేదు.